వానలో నడపని కారు

పోయిన ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక నడుం వాలుద్దామనుకుంటూ వుండగా ఇంగ్లండు నుంచి మా మరిది కొడుకు ఫోన్లో ఓ బొమ్మ పంపించాడు. ఎర్రటి కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పొడుగాటి ముక్కు. 1969 నాటి బండిట. ఎవరో పెద్దాయన అమ్మకానికి పెట్టాడు. "కొననా పెద్దమ్మా?" అని కింద రాశాడు.

వీడికి నలభై ఏళ్ళు. ఇద్దరు పిల్లలు. రెండు సీట్ల కారులో పిల్లల్ని ఎక్కడ కూచోబెడతాడో అడుగుదామనుకుంటూనే రెండో బొమ్మ చూశాను. అందులో బానెట్టు తెరిచి వుంది. మామూలు కార్లకి తెరుచుకున్నట్టు కాదు. రెక్కలు, దీపాలతో సహా ముందుభాగం మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి వాలిపోయింది. ఆ నోరు చూడగానే నా గుండె ఝల్లుమంది. ఈ మూతి నాకు తెలుసు. ఇది మా హెరాల్డ్ మూతి!

మా అత్తగారి దగ్గరికి పట్టుకెళ్ళి చూపించాను. ఆవిడకిప్పుడు ఎనభై ఎనిమిది. కళ్ళజోడు సవరించుకుని, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "మన బండికి ఈ రంగెవరు వేశారే?" అన్నారు.

ఆవిడ పొరపడ్డారనలేను. ఆ ఎర్ర కారు పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. మా ఇంట్లో పన్నెండేళ్ళున్నది స్టాండర్డ్ హెరాల్డ్. రెండూ ఒక తల్లి పిల్లలు. మీలో కాస్త వయసొచ్చినవాళ్ళకి హెరాల్డ్ గుర్తుండే వుంటుంది. అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు అని మూడే ముక్కల్లో కార్ల ప్రపంచం అయిపోయిన రోజులవి. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, పెళ్ళిచూపుల కబురు కోసం ఎదురు చూసినట్టు ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అంబాసిడరు వియ్యంకుడిలా నిండుగా వుండేది. ఫియట్టు పొందిగ్గా వుండేది. హెరాల్డు మాత్రం కాస్త సొగసుకత్తె. వెనక చిన్న రెక్కలు, ముందు కనుబొమ్మల్లాంటి దీపాల అంచులు. ఆ సొగసుకి కారణం ఇటలీలో ట్యూరిన్ నగరంలో వుండే మికెలోటి అనే ఆయన. హెరాల్డుకీ, తర్వాత స్పిట్‌ఫైరుకీ కూడా రూపురేఖలు గీసింది ఆయనే.

హెరాల్డ్ పుట్టుక కథ నాకు భలే ఇష్టం. కవెంట్రీ వూళ్ళో స్టాండర్డ్ కంపెనీ వుండేది. ట్రయంఫ్ అనే పేరు కూడా వాళ్ళదే. వాళ్ళ కార్లకి ఒళ్ళు, అంటే పైన వుండే రేకు డొక్కు, తయారుచేసిచ్చే సంస్థని 1953లో పోటీ కంపెనీ కొనేసింది. కొత్త కారుకి ఒళ్ళు కుట్టిచ్చే దర్జీ లేకుండా పోయాడు. అప్పుడేం చేశారంటే, ఒంటిని ముక్కలు ముక్కలు చేసి, ముందుభాగం ఒకచోట, తలుపులు ఒకచోట, వెనకభాగం ఇంకోచోట చేయించి, కింద బలమైన ఇనుప చట్రం పెట్టి, బోల్టులతో బిగించారు. చేతులొకరు, మెడ ఇంకొకరు కుట్టి, కాజాలు మరొకరు తీసిన జాకెట్టు అన్నమాట. 1959 ఏప్రిల్లో లండన్లోని ఆల్బర్ట్ హాల్లో, సంగీత కచేరీలు జరిగే చోట, ఈ కారుని జనానికి చూపించారు. జనం చూస్తూ వుండగానే వేదిక మీద కొద్ది నిమిషాల్లో ముక్కలన్నీ బిగించి కారు నిలబెట్టారట. మనవాళ్ళు పాయసం కాగేలోపు పందిరి వేసినట్టు!

ఈ బిగింపు పద్ధతి వల్ల ఓ లాభం వచ్చింది. చట్రం విడిగా వుంది కనక దాన్ని కాస్త కురచ చేసి పైన వేరే ఒళ్ళు తొడిగితే వేరే కారైపోతుంది. హెరాల్డుకి ముందుచక్రాలకీ వెనకచక్రాలకీ మధ్య దూరం తొంభై ఒకటిన్నర అంగుళాలు. దాన్ని ఎనభై మూడుకి తగ్గించారు, అంటే ఓ జానెడు. పైన రెండు సీట్ల ఒళ్ళు తొడిగారు. అదే స్పిట్‌ఫైరు. నమూనా బండి తయారయ్యేసరికి కంపెనీ దగ్గర డబ్బు లేదు. దాని మీద దుప్పటి కప్పి ఫ్యాక్టరీలో ఓ మూల పెట్టేశారు. 1961లో లేలండ్ కంపెనీ స్టాండర్డుని కొన్నాక, కొత్త యజమానులు ఫ్యాక్టరీ తిరిగి చూస్తుంటే మూలన దుప్పటి కింద ఈ పిల్ల బయటపడింది. చూసీ చూడగానే సంబంధం ఖాయం చేసుకున్నారు. 1962 అక్టోబర్లో లండన్ మోటారు ప్రదర్శనలో పెట్టారు. 1980 దాకా, అంటే పద్ధెనిమిదేళ్ళపాటు, మూడు లక్షలకి పైగా బళ్ళు తయారయ్యాయి.

ఇంగ్లీషువాళ్ళ స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఇలాగే పుట్టాయి. సంసారుల కారు సామానే తీసుకుని కురచ చీర కట్టించడం. మీరు నమ్ముతారో లేదో, మన నాన్నలూ మామలూ ఎక్కిన అంబాసిడరులో 1959 నుంచీ వున్న 1489 సీసీ ఇంజనూ, అక్కడి కుర్రకారు పడిచచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే వంశం. పెళ్ళికూతుర్ని, సారె బిందెల్ని, పదకొండుమంది చుట్టాల్ని మోసుకుంటూ కొల్లేటి గట్ల మీద మూలిగిన ఆ ఇంజనుకి అక్కడ పందేల్లో పరిగెత్తే అన్నదమ్ములున్నారని మనకెవరు చెప్పారు? ఇప్పుడు ఏలూరు రోడ్ల మీద ఎంజీ అనే పేరుతో పెద్ద పెద్ద కార్లు తిరుగుతున్నాయి. అది ఆ పాత పేరే. కాకపోతే ఇప్పుడా పేరు చైనా వాళ్ళ చేతిలోకి వెళ్ళి, బళ్ళు గుజరాత్‌లో తయారవుతున్నాయి.

సరే, హెరాల్డ్ సంగతికొస్తాను. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ 1948లో పెట్టారు. 1961 నుంచి అక్కడ హెరాల్డు తయారుచేశారు. ఇంజను 948 సీసీ. ఇంగ్లండులో రెండు తలుపులుండేవి. మనకి వెనక సీట్లో అత్తగారు కూచోవాలి కదా, రెండు తలుపులతో ఎలా? అందుకని అరవైల చివర్లో మద్రాసువాళ్ళు నాలుగు తలుపుల హెరాల్డు చేశారు. ఆ ముచ్చట ఇంగ్లండు హెరాల్డుకి ఎన్నడూ దక్కలేదు. మా మామగారు 1969లో కొన్నది ఆ నాలుగు తలుపులదే, లేత నీలం రంగుది.

అప్పట్లో మావాళ్ళు తాడేపల్లిగూడెంలో వుండేవారు. బియ్యం మిల్లు. గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే వుందని ఆ వైపు వాళ్ళందరికీ తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కోస్తా అంతా హడలిపోయింది. ఆ యుద్ధకాలంలో వేసినవే ఇలాంటి రన్‌వేలు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్ళిపోయాయి, బాట మిగిలింది. మన వాళ్ళు దాన్ని వూరికే పోనిస్తారా? దాని మీద ధాన్యం ఆరబెట్టారు, గేదెల్ని తోలారు, సైకిళ్ళు నేర్చుకున్నారు.

ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. యుద్ధం కోసం వేసిన సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్ విమానాశ్రయాల్లో 1948లో కారు పందేలు మొదలుపెట్టారు. మద్రాసు పక్కన షోలవరంలో కూడా యుద్ధకాలపు రన్‌వే మీదే 1950ల నుంచి పందేలు జరిగేవి. అక్కడ హెరాల్డులు కూడా పరిగెత్తాయి. ఇక గూడెం రన్‌వే మీద నాకు తెలిసి జరిగిన పందెం ఒక్కటే. అది మా అత్తగారికీ, వూళ్ళోవాళ్ళ నిద్రకీ.

కారు కొన్న కొత్తలో మా మామగారికి హుషారు. "నీకు నడపడం నేర్పిస్తానే" అన్నారట. వేళాకోళంగానే అన్నారు. ఆవిడ నిజమనుకున్నారు. రోజూ నాలుగున్నరకి, జనం లేవకముందే, రన్‌వేకి వెళ్ళేవారు. ఆవిడ పొట్టి. సీటు మీద తలగడ వేసుకుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, తలకి మామగారి కండువా చుట్టుకుని కూచునేవారట. హెరాల్డుకి ఓ గొప్ప గుణం వుంది. ముందు చక్రాలు ఎంత బాగా మెలికపడతాయంటే, ఇరవై ఐదు అడుగుల చోటుంటే చాలు, బండి పూర్తిగా గుండ్రంగా తిరిగొచ్చేస్తుంది. రన్‌వే ఏమో ఎడ్లబండ్లు పక్కపక్కన పది పట్టేంత వెడల్పు. అందుకని వెనక్కి నడపాల్సిన అవసరమే రాలేదు. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం, చక్రం తిప్పి మళ్ళీ రావడం. "రివర్సు గేరు రేపు నేర్పిస్తాను" అంటూ మామగారు నెల్లాళ్ళు గడిపేసి, తర్వాత మిల్లు పనుల్లో పడి మర్చిపోయారు. ఆవిడకి రివర్సు రాకుండానే లైసెన్సు వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి.

నడపడం కంటే ఆవిడకి బండి బాగోగులు చూడడం మీద ఎక్కువ మనసు. పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో బండి లెక్క రాసేవారు. ఏ తేదీన ఇంజనాయిలు మార్చారు, ఏ టైరు ఎప్పుడు తిప్పి వేశారు, బ్యాటరీలో ఎన్నిసార్లు నీళ్ళు పోశారు. ముందు పేజీల్లో "గేదె చూడిది, రెండు శేర్లు తగ్గింది", వెనక పేజీల్లో "క్లచ్చి జారుతోంది". మెకానిక్కు వస్తే పక్కన పీట వేసుకు కూచునేవారు. వెనకభాగం జాకీ మీద ఎత్తితే హెరాల్డు చక్రాలు కొంగ కాళ్ళు ముడిచినట్టు లోపలికి ముడుచుకుంటాయి. వెనక యిరుసు రెండు ముక్కలుగా, దేనికది వూగేలా చేసిన ఏర్పాటది. స్పిట్‌ఫైరుకీ అదే. మన మెకానిక్కులకి అది నచ్చలేదు. అందుకే 1972లో హెరాల్డు స్థానంలో గజెల్ అనే బండి వచ్చినప్పుడు ఆ యిరుసు తీసేసి ఒకే కడ్డీ యిరుసు పెట్టారు. ఈ సంగతి నాకు మా అత్తగారు చెప్పారు గాని మా ఆయన కాదు.

1976లో నేను కాపురానికొచ్చేసరికి వాళ్ళు ఏలూరు మారిపోయారు. కారుకి డ్రైవరు వచ్చాడు. ఏలూరులో పెద్దింటి కోడలు కారు నడిపితే బాగుండదని ఎవరో అన్నారట. మామగారు ఔననలేదు, కాదనలేదు. ఆవిడ మానేశారు.

మా పుట్టిల్లు కైకలూరు. 1977 వర్షాకాలంలో నేను పుట్టింట్లో వున్నాను, ఎనిమిదో నెల. నన్ను చూడ్డానికి మా అత్తగారు డ్రైవర్ని తీసుకుని కార్లో వచ్చారు. ఆ మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. అక్కడి డాక్టరమ్మ, ఏలూరు తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అంది. అప్పటికి మూడు రోజులుగా ముసురు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరులోకి దిగుతున్నాయి. ఉన్న ఒక్క ఉప్పుటేరు ఆ నీటినంతా సముద్రంలోకి ఎంతని తీసుకుపోతుంది! సరస్సు ఉబ్బి రోడ్డు మీదికి వచ్చింది. కొంత దూరం వెళ్ళేసరికి ఎదర రోడ్డు లేదు. రెండు వైపులా నీళ్ళే, మధ్యలో నీళ్ళే. దూరంగా రోడ్డు మళ్ళీ పైకి లేచిన చోటు మాత్రం కనిపిస్తోంది.

డ్రైవరు బండి ఆపేశాడు. "నావల్ల కాదమ్మగారూ. బండికేమైనా అయితే అయ్యగారు నన్ను చంపేస్తారు. వెనక్కి పోదాం" అన్నాడు.

మా అత్తగారు దిగారు. అటూ ఇటూ వున్న రెండు కొక్కేలూ తీసి, ముందుభాగం మొత్తం వాల్చేశారు. కాన్పుకని మా అమ్మ ఇచ్చిన రబ్బరు షీటు నా పక్కనే మూటలో వుంది. అందులోంచి ఓ ముక్క చింపి, డిస్ట్రిబ్యూటరుకి చుట్టి, జడ రిబ్బనుతో కట్టేశారు. ఫ్యాను తిరిగితే నీళ్ళు చిమ్మేది దాని మీదికే, అది తడిస్తే ఇంజను ఆగిపోతుంది. తర్వాత డ్రైవరు చేతికి ఓ కర్రిచ్చి, "నువ్వు ముందు నడువు, రోడ్డు అంచు ఎక్కడుందో పొడిచి చూపిస్తూ పో" అన్నారు. స్టీరింగు ముందు ఆవిడ కూచున్నారు. తలగడ లేదు, నా బట్టల మూట వేసుకున్నారు.

మొదటి గేరు. ఎక్కడా కాలు ఎత్తలేదు. ఎత్తితే పొగగొట్టంలోంచి నీళ్ళు లోపలికి లాగుతాయట. కింద తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చి నా పాదాలు తడిపాయి. పంచె ఎగ్గట్టి, మోకాటి లోతు నీళ్ళలో, దేవుడి ముందు బంట్రోతులా డ్రైవరు నడుస్తున్నాడు. నేను కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకుంటున్నాను. ఒక్కసారి మాత్రం నోరు పెగుల్చుకుని, "అత్తయ్యగారూ, వెనక్కి పోదామండీ" అన్నాను. ఆవిడ తల తిప్పకుండా, "నాకు వెనక్కి నడపడం రాదే" అన్నారు.

మా పెద్దమ్మాయి మర్నాడు తెల్లవారుజామున ఏలూరులో పుట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ మెకానిక్కుని పిలిపించి వెనక యిరుసులో నూనె తీయించారు. నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లగా వచ్చింది. పారబోసి కొత్తది పోయించారు. బ్రేకు డ్రమ్ములు విప్పించి ఆరబెట్టించారు. పాలపుస్తకంలో ఆ తేదీ దగ్గర రెండు వాక్యాలున్నాయి. "యిరుసు నూనె మార్చితిమి. ఆడపిల్ల, అయిదు పౌన్లు." ఇంకేమీ లేదు.

1977తో గజెల్ తయారీ కూడా ఆగిపోయింది. 1981లో మా అత్తగారు నరసాపురం వాళ్ళ అన్నయ్య గారింటికి పది రోజులు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ. బేరం వచ్చిందని మామగారు అమ్మేశారు. ఆవిడని అడగలేదు. అడగాలని ఆయనకి తోచలేదు, అంతే. ఆవిడ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, "పాలపుస్తకం వాళ్ళకిచ్చారా?" అని ఒక్క మాట అడిగారు. ఇవ్వలేదన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ ఆవిడ ట్రంకు పెట్టెలో వుంది. బండేమైందో మాకు తెలియదు. ఇప్పుడైతే, యాభై ఏళ్ళు దాటిన బళ్ళని పాతకాలపు వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేసుకోవచ్చని 2021లో ప్రభుత్వం నియమాలు తెచ్చింది. వాటికి వేరే నంబరు పలకలు కూడా. అది చెబితే ఆవిడ "ఆహా" అని వూరుకున్నారు.

ఇదంతా అయ్యాక, సాయంత్రం మా మరిది కొడుకు ఫోన్లో కనబడ్డాడు. వాళ్ళ నాయనమ్మకి స్పిట్‌ఫైరు అనే పేరు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. యుద్ధవిమానం పేరట అది. ఆ విమానం కంపెనీ అధ్యక్షుడు తన గడుగ్గాయి కూతుర్ని ముద్దుగా అలా పిలుచుకునేవాడనీ, ఆ పేరే విమానానికి పెట్టాడనీ చెబుతారు. మన హైదరాబాదుకీ దానితో చుట్టరికం వుంది. నిజాం ఇచ్చిన డబ్బు వల్ల బ్రిటిష్ వాయుసేనలో 152వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. 1940లో ఇంగ్లండు మీదికి జర్మనీ విమానాలు వచ్చినప్పుడు ఆ దళం స్పిట్‌ఫైర్లతోనే పోరాడింది. వాళ్ళ చిహ్నంలో నిజాం తలపాగా వుంటుంది. మా అత్తగారికి ఇవేమీ పట్టలేదు. "బండి సంగతి చెప్పరా" అన్నారు.

వాడు అమ్మకందారు రాసింది చదివాడు. 1296 సీసీ ఇంజను, రెండు కార్బొరేటర్లు. కొన్నప్పటి నుంచీ ప్రతి రసీదూ ఫైల్లో పెట్టి వుంది. పొడిగా వుండే షెడ్డులోనే వుంచారు. వానలో ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు.

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా తియ్యలేదుట నాయనమ్మా. చాలా జాగ్రత్తగా చూసుకున్నాడు."

"వానలో తియ్యని బండికి వైపర్లెందుకురా?" అన్నారావిడ. వాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఫోను నా చేతిలోంచి తీసుకుని దగ్గరగా పెట్టుకున్నారు. "ముందుభాగం వాల్చి చూడు. చట్రానికి పక్కలకి వచ్చే చేతులుంటాయి, అక్కడ తుప్పు పడుతుంది. మీ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారుట కదా, ఇంకా తొందరగా పడుతుంది. తలుపుల కింద గడపల్లాంటివి వుంటాయి, వాటిని వేలితో కొట్టి విను. యిరుసు నూనె కాస్త తీయించు. మజ్జిగలా వుంటే వాడు అబద్ధమాడుతున్నట్టే, వానలో తీశాడు. తీస్తే మంచిదే అనుకో, ధర తగ్గించమను."

"కొనమంటావా అయితే?"

"మీ ఆవిడకి నడపడం వచ్చా?"

"వచ్చు."

"వెనక్కి కూడానా?"

వచ్చని చెప్పాడు. శనివారం ఇద్దరూ వెళ్ళి బండి చూసొస్తారట. రేకు పోయిన చోట పుట్టీ పెట్టి రంగేస్తే కంటికి కనబడదు కనక, ఓ అయస్కాంతం జేబులో పెట్టుకెళ్ళమనీ, అది ఎక్కడ అంటుకోకపోతే అక్కడ వేలు పెట్టి అమ్మకందార్ని అడగమనీ అత్తగారు చెప్పారు. ఇక్కడ ట్రంకు పెట్టె తాళంచెవి కోసం నిన్నట్నుంచీ ఇల్లంతా వెతికిస్తున్నారు.